ముప్పై ఒకటో తారీఖు రాత్రి ముగ్గు

డిసెంబర్ 31 రాత్రి విశాఖపట్నంలో మా పెదవాల్తేరు వీధిలో గుమ్మాల ముందే పండగంతా. బీచ్‌కి వెళ్లేవాళ్ల బళ్లు వెళ్లిపోయాక, పదిన్నరకి ముగ్గు మొదలుపెట్టండి.

రంగులు పగలే పూర్ణా మార్కెట్‌లో కొనుక్కోండి. వాటిలో ఉప్పు మాత్రం కలపొద్దు. సముద్రపు గాలికి చెమ్మగిల్లి తెల్లారేసరికి ముద్దకడుతుంది. జల్లించి ఎండబెట్టిన సన్న ఇసుకైతే వేళ్ల సందుల్లోంచి ధారగా జారుతుంది, ఆ జారుడు చూడ్డమే నాకిష్టం.

కళ్లాపి చల్లి ఆరనివ్వండి. సందు చుక్క, అంటే ఒక వరస చుక్కలు పక్క వరస చుక్కల సందుల్లో పడేలా, 15 నుంచి 8: మధ్య వరసలో 15, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గిస్తూ రండి. రంగులు నడిమధ్య నుంచి బయటికి నింపాలి, లేకపోతే చీర అంచు తగిలి చెరిగిపోతుంది. కొత్త సంవత్సరం అంకెలు వీధిలో వెళ్లేవాళ్లు చదువుకునేలా రాయండి. ధనుర్మాసం కదా, పొద్దున గొబ్బెమ్మలకి మధ్యలో చోటు వదలండి.