పల్స్డ్ ఫీల్డ్ జెల్‌లో పెద్ద డీఎన్‌ఏ ముక్కలు విడిపోనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ఈ.కోలై కే-12 క్రోమోజోమ్ పొడవు సుమారు 46 లక్షల బేస్ జతలు. మామూలు అగరోజ్ జెల్‌లో దాదాపు 50 కిలోబేస్‌లు (50 వేల బేస్ జతలు) దాటిన ముక్కలన్నీ ఒకే వేగంతో జారి ఒకే చోట పేరుకుంటాయి. విద్యుత్ క్షేత్రం దిశను పదేపదే మార్చే పల్స్డ్ ఫీల్డ్ పద్ధతిని ష్వార్ట్జ్, క్యాంటర్ 1984లో వివరించాక ఈ అడ్డంకి తొలగింది. దిశ మారిన ప్రతిసారీ అణువు మళ్లీ తిరగాలి. అణువు ఎంత పెద్దదైతే ఆ మలుపుకు అంత సమయం పడుతుంది. జెల్ చెడినప్పుడు అందరూ మొదట యంత్రాన్ని అనుమానిస్తారు కానీ, తప్పు చాలాసార్లు ప్లగ్‌లోనే (కణాలను పొదిగిన అగరోజ్ దిమ్మలోనే) ఉంటుంది. అందుకే డీఎన్‌ఏను నిర్దిష్ట చోట్ల తెంచే రెస్ట్రిక్షన్ ఎంజైమ్ కలపని ప్లగ్‌ను ప్రతి జెల్‌లోనూ ఒక లేన్‌లో (నమూనా జారే వరుసలో) తప్పక నడపాలి.

లేన్ అంతా మసకగా పారింది

ఎంజైమ్ కలపని లేన్ కూడా మసకబారితే, డీఎన్‌ఏ అంతకుముందే తెగిందని అర్థం. కణాలను ముందుగా అగరోజ్‌లో పొదిగి, ఆ తర్వాతే కణాలను ఛేదించి డీఎన్‌ఏను బయటికి తేవాలి. ద్రావణంలో విడుదలైన క్రోమోజోమ్ పిపెట్ ఒరిపిడికే ముక్కలవుతుంది. ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసే రసాయనం), సార్కోసిల్ (డిటర్జెంట్), ప్రోటీనేజ్-కే (ప్రోటీన్లను అరిగించే ఎంజైమ్) ఉన్న ద్రావణంలో 50-55 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన ప్లగ్‌ను వెలుతురుకు పట్టి చూడండి. మొదట పాలలా తెల్లగా ఉన్నది గాజులా తేటపడాలి. తెలుపు మిగిలితే కణాల ఛేదన పూర్తి కాలేదు, డీఎన్‌ఏను తెంచే న్యూక్లియేజ్‌లూ నశించి ఉండవు. తాజా ప్రోటీనేజ్-కేతో ఆ దశను పొడిగించాలి.

ప్లగ్ నిర్దోషంగా ఉన్నా స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ వంటి బ్యాక్టీరియా జాతుల్లో మసక తప్పకపోవచ్చు. వాటి డీఎన్‌ఏ వెన్నెముకలో కొన్ని చోట్ల ఆక్సిజన్ బదులు గంధకం ఉంటుంది. జెల్ నడిచేటప్పుడు బఫర్‌లోని ట్రిస్ నుంచి ఆనోడ్ (ధన ధ్రువం) వద్ద పుట్టే చురుకైన పదార్థం సరిగ్గా అక్కడే తెంచుతుంది. బఫర్‌లో 50 మైక్రోమోలార్ థయోయూరియా కలిపితే బ్యాండ్లు నిలుస్తాయి. ఇది తెలియక మంచి ప్లగ్‌లను పారవేయడం చూస్తే బాధ కలుగుతుంది.

డీఎన్‌ఏ వెల్ దాటి రాలేదు

తెగని వలయాకార క్రోమోజోమ్ వెల్‌లోనే (నమూనా పెట్టే గుంటలోనే) ఉండటం సహజం. ఎంజైమ్ కలిపిన లేన్‌లోనూ అలాగే జరిగితే, మిగిలిపోయిన ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసిందనో, ప్రోటీనేజ్-కే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌ను తినేసిందనో భావించాలి. ప్లగ్‌ను టీఈ బఫర్‌తో పలుమార్లు కడిగి, సన్నని పలకగా కోసి, ఎంజైమ్ వేసే ముందు దాని బఫర్‌లోనే కొంతసేపు నాననివ్వాలి.

ఊహించని సన్నని బ్యాండ్లు కనిపించాయి

ఇది సాధారణంగా రెస్ట్రిక్షన్ ఎంజైమ్ డీఎన్‌ఏను పూర్తిగా తెంచకపోవడం. ఎంజైమ్ మోతాదు, సమయం పెంచి చూడాలి. టీసీటీఏజీఏ వరుసను తెంచే ఎక్స్‌బీఏ-1 అనే రెస్ట్రిక్షన్ ఎంజైమ్ విషయంలో ఒక మెలిక ఉంది: టీసీటీఏజీఏ వెంటనే టీసీ వస్తే అక్కడ జీఏటీసీ ఏర్పడి, డ్యామ్ మిథైలేషన్ (బ్యాక్టీరియా ఎంజైమ్ జీఏటీసీకి మిథైల్ గుంపు తగిలించడం) వల్ల ఆ చోటు తెగదు.

పై భాగంలో బ్యాండ్లు కిక్కిరిశాయి

చివరి పల్స్ సమయం (దిశ మారే ముందు క్షేత్రం ఒకే వైపు ఉండే వ్యవధి) పెంచాలి. ఈ.కోలై ఓ157 ఎక్స్‌బీఏ-1 ముక్కలకు 1 శాతం అగరోజ్, 14 డిగ్రీలు, సెంటీమీటరుకు 6 వోల్టులు, 120 డిగ్రీల కోణం, 2.2 నుంచి 54.2 సెకన్ల పల్స్ సరిపోతాయి. మెగాబేస్ దాటిన ముక్కలకు వోల్టేజి తగ్గించి, పల్స్‌ను బాగా పెంచాలి.

ముక్కల మొత్తం జీనోమ్ కంటే తక్కువ వచ్చింది

మ్యాపింగ్‌లో (క్రోమోజోమ్‌పై ముక్కల స్థానాలు గుర్తించడంలో) ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది ఇదే. సమాన పొడవున్న రెండు ముక్కలు ఒకే బ్యాండ్‌గా కనిపించవచ్చు, చిన్నవి జెల్ దాటి వెళ్లిపోవచ్చు. డీఎన్‌ఏకు పట్టే ఇథిడియం రంగు కాంతి ముక్క పొడవుతో పెరుగుతుంది కాబట్టి, పైనున్న పెద్ద బ్యాండ్ కంటే కిందిది ఎక్కువ మెరిస్తే అది జంట అయి ఉంటుంది. చిన్న ముక్కల కోసం తక్కువ పల్స్‌తో మరో జెల్ నడపాలి.

లెక్క సరిచూడడానికి ఐ-సియు-1 అనే తెంచే ఎంజైమ్ చాలా నమ్మకమైనది. అది 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులోనే తెంచుతుంది, ఈ.కోలైలో అలాంటివి 7 ఉన్నందున వలయం 7 ముక్కలవుతుంది. అదే రెండు కొసలున్న సరళరేఖ లాంటి క్రోమోజోమ్ అయితే తెగిన చోట్ల కంటే ముక్కలు ఒకటి ఎక్కువ రావాలి. వరుస తేల్చడానికి ఒక్కో ఐ-సియు-1 ముక్కను జెల్ నుంచి కోసి, ఎక్స్‌బీఏ-1తో మళ్లీ తెంచి నడపాలి. ఏ ఎక్స్‌బీఏ-1 ముక్క దేనిలో ఉందో అప్పుడు తెలుస్తుంది. కోసేటప్పుడు అంచు లేన్‌కు మాత్రమే రంగు పట్టించి, దాని ఆధారంగా మిగతా జెల్‌ను కోయండి. అతినీలలోహిత కాంతి తగిలిన ముక్క రెండో జెల్‌లో మళ్లీ మసకబారుతుంది.