మీ బేస్‌బాల్ టీమ్ ఏ ఫ్రీ ఏజెంట్‌ను తీసుకోవాలి? ఆఫ్‌సీజన్ లెక్క వేయడం ఎలా?

వరల్డ్ సిరీస్ (ఏడాది ఫైనల్) ముగిసిన మర్నాటి నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్ అభిమానులకు అసలు టెన్షన్ మొదలవుతుంది. మన టీమ్ ఎవరిని పోగొట్టుకుంటుంది, ఎవరిని తెచ్చుకుంటుంది? డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి ఈ ఆటకు అలవాటు పడ్డ మన తెలుగువాళ్లకు ఇది ఐపీఎల్ వేలంలా అనిపించడం సహజం. కానీ రెండింటికీ పోలిక తక్కువ. 2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్ల రూపాయలకు దక్కించుకున్నప్పుడు ఏ టీమ్ దగ్గర ఎంత డబ్బు మిగిలిందో అందరికీ తెలుసు. ఎక్కువ పాడినవాళ్లకే ఆటగాడు. బేస్‌బాల్‌లో పాట లేదు. ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న గట్టి పరిమితీ లేదు. కాంట్రాక్టు ముగిసి ఏ టీమ్‌లోనైనా చేరగలిగే ఆటగాణ్ని ఫ్రీ ఏజెంట్ అంటారు. అతనూ, అతని ఏజెంటూ బేరమాడి తమకు నచ్చిన టీమ్‌తో సంతకం చేస్తారు.

అయినా మీ టీమ్‌కి ఎవరు సరిపోతారో మీరే పద్ధతిగా లెక్క వేసుకోవచ్చు. కాగితం, పెన్ను, కాస్త ఓపిక చాలు. ఉదాహరణగా 2024-25 శీతాకాలంలో న్యూయార్క్ యాంకీస్ ఏం చేసిందో తీసుకుందాం. కోరుకున్న ఆటగాడు చేజారిపోయాక ఒక టీమ్ ఎలా సర్దుకుంటుందో చూడటానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

1. ముందు ఖాళీలు రాయండి, పేర్లు తర్వాత

చాలామంది మార్కెట్లో ఉన్న పెద్ద పేర్లతో మొదలుపెడతారు. దానికి బదులు మీ టీమ్‌లో ఏ స్థానం ఖాళీ అవుతోందో రాయండి. ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవ్వాలంటే మామూలుగా మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తవ్వాలి, ఆపైన అతని కాంట్రాక్టు ముగియాలి. ఇక్కడ ఏడాదంటే రోస్టర్‌లో (టీమ్ ఆటగాళ్ల జాబితాలో) 172 రోజులు. వీళ్లు కాక, కాంట్రాక్టులో ఆప్షన్ (ఇంకో ఏడాది కొనసాగించుకునే వీలు) ఉన్నవాళ్లనూ చూడాలి. ఆప్షన్ టీమ్ చేతిలో ఉందా, ఆటగాడి చేతిలో ఉందా అన్నది ముఖ్యం.

2024 చివర్లో యాంకీస్ కాగితం ఇలా ఉంది. రైట్ ఫీల్డ్‌లో హువాన్ సోటో, లెఫ్ట్ ఫీల్డ్‌లో అలెక్స్ వెర్డుగో, సెకండ్ బేస్‌లో గ్లేబర్ టోరెస్, బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లలో) క్లే హోమ్స్ ఫ్రీ ఏజెంట్లయ్యారు. ఫస్ట్ బేస్‌లో ఆంథనీ రిజో ఆప్షన్ టీమ్ చేతిలో ఉంది. కోటీ 70 లక్షల డాలర్లిచ్చి అట్టేపెట్టుకునే బదులు 60 లక్షల బైఅవుట్ (వదిలేసినందుకు ఇచ్చే సొమ్ము) చెల్లించి వదిలేసింది.

లోపాలు కూడా ఈ కాగితం మీదే రాయాలి. డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్, ఐదో ఇన్నింగ్స్ గుర్తు చేసుకోండి. యాంకీస్ 5-0తో ముందుంది. సెంటర్ ఫీల్డ్‌లో ఆరన్ జడ్జ్ తేలికైన క్యాచ్ వదిలేశాడు. షార్ట్‌స్టాప్ ఆంథనీ వోల్పీ త్రో గురి తప్పింది. బేస్‌లన్నీ నిండి, ఇద్దరు ఔటైన స్థితిలో మూకీ బెట్స్ కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ రిజో దగ్గరికి వెళ్లింది. పిచర్ గెరిట్ కోల్ ఫస్ట్ బేస్‌కి పరుగెత్తకుండా, నువ్వే వెళ్లమన్నట్టు వేలు చూపిస్తూ ఆగిపోయాడు. బెట్స్ ముందే చేరిపోయాడు. ఆ ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి స్కోరు 5-5. చివరికి 7-6తో మ్యాచ్, దాంతోపాటు సిరీస్ పోయాయి. ఆ ఒక్క ఇన్నింగ్స్ చూసినవాళ్లకి ఈ టీమ్‌కి కావాల్సింది హోమ్‌రన్లు ఒక్కటే కాదని అర్థమవుతుంది. ఫీల్డింగ్ కూడా ఖాళీయే.

2. జీతాల లెక్క, దాని మీద పన్ను

అభిమానులు ఎక్కువగా పట్టించుకోని భాగం ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. జీతాల మొత్తం ఒక గీత దాటితే టీమ్ లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. 2025కి ఆ గీత 24.1 కోట్ల డాలర్లు, 2026కి 24.4 కోట్లు. మొదటి ఏడాది దాటితే గీత పైన ఖర్చు మీద 20 శాతం, వరసగా రెండో ఏడాదికి 30, మూడో ఏడాది నుంచి 50 శాతం. గీతను మరీ ఎక్కువగా దాటితే అదనపు వడ్డన ఉంటుంది. 6 కోట్లు అంతకు మించి దాటినప్పుడు ఆపై ఖర్చు మీద ఇంకో 60 శాతం పడుతుంది.

యాంకీస్ ఏటా పన్ను కడుతున్న టీమ్ కాబట్టి 50కి 60 కలిపి 110 శాతం. జీతాలు 30.1 కోట్లు దాటిన అలాంటి టీమ్ 1.25 కోట్ల డాలర్లకు ఒక ఆటగాణ్ని తెచ్చుకుంటే, పన్నుతో కలిపి అసలు ఖర్చు 2.625 కోట్లు అవుతుంది. "వాళ్లకేం, డబ్బుంది, కొనేయొచ్చు" అనే ముందు ఈ గుణకారం ఒక్కసారి చేసి చూడండి.

పన్ను లెక్కలోకి వచ్చేది ఆ ఏడాది చేతికిచ్చే జీతం కాదు, కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. డబ్బు ఆలస్యంగా ఇచ్చే ఒప్పందమైతే ఆ సగటు తగ్గుతుంది. 2023 డిసెంబర్‌లో షోహే ఒటాని డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా చెల్లించాల్సినవి. అందువల్ల పన్ను లెక్కలో అతని ఖర్చు ఏటా 7 కోట్లకు బదులు సుమారు 4.6 కోట్లుగా పడుతుంది. కాంట్రాక్టు వార్త చదివినప్పుడల్లా వాయిదా డబ్బు ఎంతుందో వెతకండి.

3. క్వాలిఫైయింగ్ ఆఫర్ ఉందేమో చూడండి

తమ దగ్గర ఏడాదంతా ఆడి ఫ్రీ ఏజెంట్ అవుతున్న ఆటగాడికి, గతంలో ఎప్పుడూ ఇది అందుకోకపోతే, పాత టీమ్ ఒక ఏడాది ఆఫర్ ఇవ్వచ్చు. 2024లో దాని విలువ 2.105 కోట్లు, 2025లో 2.2025 కోట్ల డాలర్లు. దాన్ని కాదని బయటికొచ్చిన ఆటగాణ్ని తీసుకునే కొత్త టీమ్ డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే అవకాశాలు) వదులుకోవాలి. పన్ను కట్టే టీమ్‌కి శిక్ష ఇంకా ఎక్కువ. రెండో, ఐదో అత్యుత్తమ పిక్‌లు పోతాయి, విదేశీ కుర్రాళ్ల కోసం ఉన్న బోనస్ నిధిలో 10 లక్షల డాలర్లు కోత పడతాయి. మీ జాబితాలో ప్రతి పేరు పక్కనా ఇది ఉందో లేదో గుర్తు పెట్టండి. ఇద్దరు ఆటగాళ్లు దాదాపు సమానమనిపించినప్పుడు ఆఫర్ లేనివాడే మేలు.

4. ఏటా ఎంతని కాదు, ఎన్నేళ్లని అడగండి

నా అభిప్రాయంలో టీమ్‌ను ముంచేది ఏటా ఇచ్చే జీతం కన్నా ఏళ్ల సంఖ్యే. 2024 డిసెంబర్‌లో మెట్స్ సోటోకి 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లిచ్చింది, అందులో వాయిదా పైసా కూడా లేదు. అంత పొడవు కాంట్రాక్టు ఎందుకు దొరికిందంటే అప్పటికి అతని వయసు 26. ఫ్రీ ఏజెంట్ మార్కెట్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది 30 దగ్గర పడ్డవాళ్లో, దాటినవాళ్లో. వాళ్లకి ఎనిమిదేళ్లిస్తే చివరి మూడు నాలుగేళ్లు ఎలా ఉంటాయో ముందే ఒప్పుకుని సంతకం చేయాలి.

పిచర్ల విషయంలో ఇంకా భయపడాలి. 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి ఆ డిసెంబర్‌లో వాషింగ్టన్ నేషనల్స్ ఏడేళ్లకు 24.5 కోట్లిచ్చింది. ఆ కాంట్రాక్టు కింద అతను వేసింది ఎనిమిది మ్యాచ్‌లే. గాయాలు అతని కెరీర్‌నే ముగించేశాయి. అంత గొప్ప పిచర్‌కి అలా జరగడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆటగాడి తప్పు అందులో ఏమీ లేదు. కానీ లెక్క వేసేవాళ్లు దాన్ని మర్చిపోకూడదు.

5. మొదటి పేరు దొరక్కపోతే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి

సోటో వెళ్లిపోయాక యాంకీస్ చేసింది ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 2024లో అతను 41 హోమ్‌రన్లు కొట్టాడు, 129 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) తీసుకున్నాడు. అలాంటి బ్యాటర్ మార్కెట్లో ఇంకొకడు లేడు. అందుకని పోయిన విలువను నాలుగు చోట్లకు పంచింది, అదీ రెండు వారాల్లోపే. అట్లాంటా క్వాలిఫైయింగ్ ఆఫర్‌ను కాదన్న ఎడమచేతి పిచర్ మ్యాక్స్ ఫ్రీడ్‌ను, పిక్‌లు పోతాయని తెలిసీ, ఎనిమిదేళ్లకు 21.8 కోట్లకు తీసుకుంది. మిల్వాకీ నుంచి క్లోజర్ (మ్యాచ్ చివర్లో దిగే పిచర్) డెవిన్ విలియమ్స్‌ను, షికాగో కబ్స్ నుంచి కోడీ బెలింజర్‌ను ట్రేడ్‌లో (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) తెచ్చుకుంది. బెలింజర్ ఔట్‌ఫీల్డ్‌లోనూ ఫస్ట్ బేస్‌లోనూ ఆడగలడు. 37 ఏళ్ల పాల్ గోల్డ్‌ష్మిట్‌ను ఒక్క ఏడాదికి 1.25 కోట్లకు ఫస్ట్ బేస్‌కి తెచ్చింది.

నలుగురిలో దీర్ఘకాల కాంట్రాక్టు ఫ్రీడ్‌కి ఒక్కడికే, మిగతావాళ్లు ఏడాదికో రెండేళ్లకో కొత్తగా ఆలోచించుకునే వీలున్నవాళ్లు. ఖాళీలు నింపడానికి ఫ్రీ ఏజెంట్లే దారి కాదని, ట్రేడ్‌లో వచ్చే ఆటగాడికి ఏళ్లు కట్టబెట్టక్కర్లేదని కూడా ఇందులోనే తెలుస్తుంది.

ఫలితం మిశ్రమమే. ఫ్రీడ్ 2025లో 19 మ్యాచ్‌లు గెలిచి 5 ఓడాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మేలు) 2.86. బెలింజర్ 29 హోమ్‌రన్లు కొట్టాడు. విలియమ్స్ మాత్రం 4.79 ఈఆర్ఏతో క్లోజర్ స్థానమే పోగొట్టుకున్నాడు. మార్చిలోనే కోల్ మోచేతికి ఆపరేషన్ జరిగి ఏడాదంతా దూరమయ్యాడు. ఫ్రీడ్ లేకపోయి ఉంటే ఆ టీమ్ పిచింగ్ ఏమయ్యేదో ఊహించడానికే కష్టం. సోటో ఉన్న 2024లో 94 విజయాలు, లేని 2025లోనూ 94. ప్లేఆఫ్స్‌లో టొరంటో చేతిలో ఓడిపోయారు. అయినా సోటో కోసం ఏడ్చే బదులు ఖాళీల కాగితం పట్టుకుని కూర్చున్న ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

6. జపాన్ వైపూ, చిన్న కాంట్రాక్టుల వైపూ ఒక చూపు

జపాన్ క్లబ్ తన ఆటగాణ్ని పోస్టింగ్ (మేజర్ లీగ్ టీమ్‌లతో బేరమాడనిచ్చే పద్ధతి) ద్వారా వదిలితే 45 రోజుల్లో బేరం తేలాలి. సంతకం చేసే టీమ్ ఆటగాడి డబ్బు కాక పాత క్లబ్‌కి ఫీజు కూడా కట్టాలి. యొషినొబు యమమొటో 12 ఏళ్లకు 32.5 కోట్లకు డాడ్జర్స్‌లో చేరినప్పుడు అతని పాత క్లబ్ ఒరిక్స్ బఫలోస్‌కి దాదాపు 5.06 కోట్లు అందాయి. జాబితాలో ఆ మొత్తాన్నీ కలపండి.

జనవరి దాటాక మిగిలిన అనుభవజ్ఞులు మైనర్ లీగ్ కాంట్రాక్టు మీద స్ప్రింగ్ ట్రైనింగ్‌కి (సీజన్ ముందు శిబిరానికి) వస్తారు. వీళ్లకి 40 మంది రోస్టర్‌లో చోటు ఇవ్వక్కర్లేదు. మేజర్ లీగ్ కాంట్రాక్టు ఇస్తే మాత్రం ఆ 40లో చోటుండాలి, నిండిపోతే ఒకరిని తీసేయాలి. కాబట్టి మీరు రాసే ప్రతి కొత్త పేరుకీ ఎదురుగా ఎవరిని తీసేస్తారో కూడా రాయండి. కుర్రాళ్లలో మీకు ఇష్టమైనవాడి పేరే అక్కడ రాయాల్సి వస్తే మీ ప్లాన్ మళ్లీ చూసుకోండి.

7. తేదీలు గుర్తు పెట్టుకోండి

నవంబర్‌లో ఆప్షన్లు, క్వాలిఫైయింగ్ ఆఫర్లు తేలతాయి. డిసెంబర్ మొదట్లో వింటర్ మీటింగ్స్ (టీమ్ అధికారుల వార్షిక సమావేశాలు), పెద్ద కాంట్రాక్టులు చాలావరకు ఆ చుట్టుపక్కలే. ఫిబ్రవరిలో పిచర్లు, క్యాచర్లు శిబిరానికి వస్తారు. ఇంకో తేదీ వేరుగా రాసుకోండి: 2026 డిసెంబర్ 1. లీగ్‌కి, ఆటగాళ్ల సంఘానికి మధ్య ఉన్న ఒప్పందం ఆ రోజుతో ముగుస్తుంది. గత ఒప్పందం ముగిసినప్పుడు 2021 డిసెంబర్ 2న లాకౌట్ మొదలై 99 రోజులు సాగింది, ఆ కాలంలో మేజర్ లీగ్ కాంట్రాక్టు ఒక్కటీ కుదరలేదు. గడువుకు ముందు వారంలో మాత్రం టెక్సస్ రేంజర్స్ కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్లు ఒప్పేసుకుంది. ఒప్పందం గడువు తీరే శీతాకాలంలో మీ జాబితా నవంబర్ మధ్యకల్లా సిద్ధంగా ఉండాలి.