చిన్న అల్యూమినియం బోటు, దానికి సరిపోయే ఇంజిన్: హార్స్‌పవర్ కంటే ముందు బరువు లెక్క వేయండి

చిన్న మోటార్ బోటు కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: ఎన్ని హార్స్‌పవర్ పెట్టించాలి అని. నేను తిరిగి అడిగేది, బోటులో ఎంతమంది ఎక్కుతారు, అందరి బరువు కలిపితే ఎంత అని. ఇది చాలామందికి నచ్చదు, ఇంట్లోవాళ్ల బరువులు పైకి చెప్పుకోవాలంటే ఇబ్బందే కదా. కానీ ఆ అంకె లేకుండా ఇంజిన్ ఎంచుకోవడమంటే కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే.

ఒక కాగితం తీసుకుని లెక్క వేద్దాం. పన్నెండు అడుగుల మామూలు అల్యూమినియం బోటు ఖాళీగా 80 కిలోలు అనుకోండి. ముగ్గురు పెద్దవాళ్లు 210. ఇంజిన్ 45. ట్యాంకు, అందులో 12 లీటర్ల పెట్రోలు కలిపి 12. లంగరు, తాళ్లు, బ్యాటరీ, తెడ్లు, లైఫ్ జాకెట్లు, సామాను పెట్టె అన్నీ కలిపి 30. మొత్తం 377 కిలోలు. ఇలాంటి బోటు నీళ్లను తోసుకుంటూ పోవడం మానేసి పైకి లేచి నీటి మీద జారాలంటే (దీన్నే ప్లేనింగ్ అంటారు), 20 నుంచి 25 కిలోలకు ఒక హార్స్‌పవర్ కావాలి. ఇది మోటు లెక్కే, పడవ అడుగు భాగం ఆకారాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ నాకు ఎప్పుడూ పెద్దగా తప్పలేదు. 377ని 25తో భాగిస్తే 15, ఇరవైతో భాగిస్తే దాదాపు 19. అంటే ముగ్గురితో 15 హార్స్‌పవర్ ఇంజిన్ అతికష్టం మీద లేపుతుంది, 20 అయితే హాయిగా లేపుతుంది. అదే మీరొక్కరే ఎక్కితే మొత్తం 237 కిలోలే, అప్పుడు 9.9 హార్స్‌పవర్ కూడా దాదాపు సరిపోతుంది. 9.9 ఇంజిన్ గురించి ఒకరు ఎగిరిపోతుందని, ఇంకొకరు పాకుతుందని చెప్పడానికి కారణం ఇదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, బోటులో ఎక్కిన మనుషుల లెక్క వేరు, అంతే.

ప్లేనింగ్ అవసరం లేదు, మెల్లగా వెళ్లి చేపలు పట్టుకుని వచ్చేస్తే చాలు అంటారా, అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. పైకి లేవని పడవకు దాని పొడవును బట్టి ఒక వేగం హద్దు ఉంటుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్‌లలో వస్తుంది (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). పన్నెండు అడుగుల బోటుకు అది సుమారు గంటకు 8 కిలోమీటర్లు. ఆ వేగానికి 4 నుంచి 6 హార్స్‌పవర్ చాలు. ఆ పైన ఎంత థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇచ్చినా బోటు లేవడానికి చాలకపోతే వెనక భాగం కుంగుతుంది, ముక్కు ఆకాశంలోకి చూస్తుంది, పెట్రోలు ఖాళీ అవుతుంది, వేగం మాత్రం పెరగదు. అందుకే మధ్యలో ఆగొద్దంటాను. నెమ్మది చాలనుకుంటే 5, 6 దగ్గరే ఉండిపోండి, ఇంజిన్ తేలిక, ఒంటి చేత్తో మోసుకెళ్లొచ్చు. వేగం కావాలంటే బోటును నిజంగా లేపే ఇంజిన్ పెట్టండి. లేపీ లేపనట్టుండే ఇంజిన్ పెట్టుకుంటే రెండిటి కష్టాలూ మీవే.

అయితే పెద్దదాని వైపు వెళ్లేముందు బోటు లోపల అతికించిన ప్లేటు చదవండి. గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్, ఎంతమంది, ఎంత బరువు అని ఉంటుంది. అమెరికాలో 20 అడుగుల లోపు మోటార్ బోట్లకు ఈ ప్లేటు తప్పనిసరి. యూరప్ బోట్లకు సీఈ (యూరప్ భద్రతా ముద్ర) ప్లేటు మీద ఏ, బీ, సీ, డీ అని తరగతి కూడా ఉంటుంది. డీ అంటే ప్రశాంతమైన, గాలి పెద్దగా లేని నీళ్లకు మాత్రమే. సీ అంటే తీరానికి దగ్గర్లో, రెండు మీటర్ల అలల వరకు. ప్లేటులో రాసిన హార్స్‌పవర్ దాటి పెట్టొద్దు, "అందరూ పెడుతున్నారు" అని ఎవరు చెప్పినా సరే. ఇంజిన్ తగిలించే వెనక పలక ఆ బరువుకు, ఆ తోపుకు తట్టుకునేలా కట్టింది కాదు. ప్లేటు ఊడిపోయిన పాత బోటైతే తయారీ కంపెనీకి మోడల్ నంబరు ఇచ్చి కనుక్కోండి. ప్లేటు 10 అంటోంది, మీ లెక్క 18 అంటోంది అంటే తప్పు ఇంజిన్‌లో లేదు. మీకు ఇంకా పెద్ద బోటు కావాలని అర్థం.

బోటు విషయంలో అందరూ పొడవు చూస్తారు, నేను వెడల్పు చూస్తాను. అది కూడా పై అంచుల దగ్గర కాదు, అడుగు దగ్గర. పద్నాలుగు అడుగుల పొడవున్న సన్నటి బోటు కంటే పన్నెండు అడుగుల పొడవే ఉన్న వెడల్పాటి బోటులో లేచి నిలబడి వల తీసుకోవడం తేలిక. అడుగు చదునుగా ఉంటే లోతు తక్కువ నీళ్లలో వెళ్తుంది, నిలకడగా ఉంటుంది, తక్కువ పవర్‌తోనే పైకి లేస్తుంది, కానీ కాస్త అల వచ్చిందా, వెన్నుపూస లెక్కపెట్టుకోవాల్సిందే. వీ ఆకారం అలల్ని మెత్తగా కోస్తుంది, బదులుగా ఎక్కువ పవర్ అడుగుతుంది, ఆగి ఉన్నప్పుడు పక్కకు ఒరుగుతుంది. చెరువులు, కాలవలు, చిన్న రిజర్వాయర్లకు చదును అడుగు. గాలి తోలే పెద్ద నీళ్లకు వీ అడుగు. మీరు ఎక్కువ రోజులు ఎక్కడ తిప్పుతారో దాన్ని బట్టి కొనండి, ఏడాదికోసారి వెళ్లే సముద్రాన్ని చూసి కాదు.

రివెట్లా, వెల్డింగా అనేది ఇంకో తెగని వాదన. రివెట్ బోటు రేకు పల్చన, బరువు తక్కువ, కాబట్టి చిన్న ఇంజిన్‌తో సరిపోతుంది. కానీ ఏళ్ల తరబడి అలల దెబ్బలకు రివెట్లు వదులవుతాయి, చుక్కచుక్కగా నీళ్లు ఊరతాయి. దీన్ని బాగుచేయడం పెద్ద పనేమీ కాదు. వెల్డింగ్ బోటు మందం ఎక్కువ, రాళ్లకు తట్టుకుంటుంది, ఆ మేరకు బరువూ పెరుగుతుంది. అందులో చూడాల్సింది అతుకుల దగ్గర వెంట్రుకంత పగుళ్లు, ముఖ్యంగా వెనక పలక మూలల్లో. రేకు ఏ అల్యూమినియం అని అడగండి: 5052, 5083, 5086 లాంటి అంకె చెబితే నీళ్లకు పనికొచ్చే రకమే. అంకె అడిగితే "మంచి క్వాలిటీ సార్" అని చెబితే ఇంకో చోటు చూసుకోండి.

పాత బోటు కొంటున్నారా? ట్రైలర్ మీద ఉండగానే లోపల ఓ పది బకెట్ల నీళ్లు పోసి కింద కూర్చుని చూడండి. లోపలికి వచ్చే నీళ్లకు దారి ఎక్కడో, బయటికి కారే నీళ్లే చూపిస్తాయి. మరీ నిండా పోయకండి, ట్రైలర్ మోయలేదు. తర్వాత సీట్ల కింద ఉండే ఫోమ్. బోటు నిండా నీళ్లు చేరినా మునగకుండా కాపాడేది అదే. పాతబడి నీళ్లు పీల్చుకుంటే తేల్చడం మాట అటుంచి పదుల కిలోల బరువు తెచ్చిపెడుతుంది. వెనక పలకలో చెక్క ఉంటే సుత్తితో మెల్లగా కొట్టి వినండి. గట్టి చెక్క టక్‌మంటుంది, పుచ్చింది మొద్దుగా మోగుతుంది. ఇంజిన్ తగిలించి ఉంటే దాని కింది భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, పలక కూడా కదిలితే బేరం అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న విషయం, షాఫ్ట్ (ఇంజిన్ నుంచి కింద ఫ్యాను, అంటే ప్రొపెల్లర్, వరకు దిగే కాలు) పొడవు. నా మొదటి ఇంజిన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, బాగా నడుస్తోంది, చూసి మురిసిపోయి ఇంటికి తెచ్చేశాను. బోటుకు తగిలిస్తే ఫ్యాను పడవ అడుగు కంటే జానెడు కిందికి వేలాడుతోంది. అది లాంగ్ షాఫ్ట్, నా బోటు షార్ట్‌ది. లోతు తక్కువున్న ప్రతిచోటా మట్టి దున్నుకుంటూ, నీటిని వెనక్కి చిమ్ముకుంటూ ఒక సీజన్ అంతా అలాగే తిప్పాను. మీరు ఆ పని చేయొద్దు. వెనక పలక పై అంచు మధ్య నుంచి పడవ అడుగు వరకు నిలువుగా టేపు పట్టండి. సుమారు 15 అంగుళాలు వస్తే షార్ట్, 20 వస్తే లాంగ్, 25 వస్తే ఎక్స్‌ట్రా లాంగ్. తగిలించాక ఫ్యాను పైన ఉండే అడ్డ రేకు పడవ అడుగుతో సమానంగా గానీ, అంగుళం లోపు కిందకు గానీ ఉండాలి. మరీ పైన ఉంటే మలుపుల్లో ఫ్యాను గాలి పీల్చి ఊరికే గిర్రున తిరుగుతుంది.

ఇంజిన్లలో ఈ రోజుల్లో కొత్తవి దాదాపు అన్నీ ఫోర్ స్ట్రోకే. పాత టూ స్ట్రోక్ తేలిక, పికప్ బాగుంటుంది, కానీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి (చాలావాటికి 50 వంతులకు 1 వంతు, ఇంజిన్ పుస్తకం ఏం చెబితే అదే), పొగ, మోత, మైలేజీ తక్కువ. కొన్ని జలాశయాల్లో అనుమతించరు కూడా. పాత బోటుకు కొత్త ఫోర్ స్ట్రోక్ పెడుతుంటే ఇంకో సంగతి: ఆ పలక తేలికైన టూ స్ట్రోక్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టింది అయ్యుండొచ్చు. ఇంజిన్, నడిపేవాళ్లు, ట్యాంకు, బ్యాటరీ అంతా వెనకే చేరితే బోటు వెనక్కి కూలబడుతుంది. ట్యాంకును, బ్యాటరీని ముందుకు జరిపి, స్టీరింగ్ పిడికి ఒక పొడిగింపు గొట్టం పెట్టుకుంటే సగం సమస్య పోతుంది.

కంపెనీలు చెప్పని చిన్న గుట్టు ఒకటుంది. ఒకే ఇంజిన్ దిమ్మెను రెండు మూడు హార్స్‌పవర్‌లుగా అమ్ముతారు. ఉదాహరణకు టొహాట్సు 4, 5, 6 హార్స్‌పవర్ ఇంజిన్లు మూడూ 123 సీసీలే, 9.9, 15, 20 మూడూ 333 సీసీలే. బరువు దాదాపు ఒకటే. మోసే బరువు మారనప్పుడు, ప్లేటు ఒప్పుకుంటే, ఆ కుటుంబంలో పెద్దది తీసుకోవడమే తెలివి. నడిపే చోట 9.9 దాటకూడదనే రూలు ఉంటే మాత్రం వేరే మాట.

ఫ్యూయల్ ఇంజెక్షనా, కార్బురేటరా? రోజూ తిప్పేవాళ్లకు ఏదైనా ఒకటే. నెలల తరబడి షెడ్డులో పెట్టేవాళ్లు ఇంజెక్షన్ తీసుకోండి, కార్బురేటర్లో పాత పెట్రోలు జిగురుగా మారి సన్నటి దారుల్ని మూసేస్తుంది. కార్బురేటర్‌దే ఉంటే పక్కన పెట్టేముందు పెట్రోలు పైపు పీకి, అదే ఆగిపోయేదాకా నడపండి. ఇక బ్రాండు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి, మీకు దగ్గర్లో ఏ ఇంజిన్‌కు విడిభాగాలు, మెకానిక్ దొరుకుతారో అదే మంచి బ్రాండు. ఎవిన్‌రూడ్ లాంటి పాత పేరున్న ఇంజిన్ల తయారీయే 2020లో ఆపేశారు, అలాంటివి చవగ్గా వస్తే విడిభాగాల సంగతి చూసుకున్నాకే చెయ్యి వేయండి.

పాత ఇంజిన్ చూడ్డానికి వెళ్తున్నప్పుడు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే పై మూత తీసి చేత్తో తాకి చూడండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ స్టార్టర్ తాడు నాలుగైదు లాగుళ్లలో అందుకోవాలి. నీళ్లలో గానీ డ్రమ్ములో గానీ పెట్టి నడిపిస్తూ పక్క నుంచి సన్నటి ధార వస్తోందో లేదో చూడండి, అది చల్లబరిచే నీళ్ల ధార. రాకపోతే ఇంపెల్లర్ (ఆ నీళ్లు తోడే చిన్న చక్రం) పోయి ఉండొచ్చు, లేదా దారి మూసుకుపోయి ఉండొచ్చు. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపనివ్వకండి. కింద గేర్‌బాక్స్ స్క్రూ కొంచెం విప్పితే నూనె పాల రంగులో వచ్చిందా, సీలు పోయి నీళ్లు చేరినట్టే. రెండు సిలిండర్లదైతే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిపించండి, రెండింటి మధ్య తేడా పది శాతం దాటకూడదు.

ఫ్యాను సంగతి చాలామంది పట్టించుకోరు. దాని మీద రెండు అంకెలుంటాయి, మొదటిది వ్యాసం, రెండోది పిచ్ (ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు వెళ్లే దూరం), రెండూ అంగుళాల్లో. మీరు మామూలుగా తీసుకెళ్లే బరువంతా ఎక్కించి పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పరిధిని అందుకోవాలి, చాలా చిన్న ఇంజిన్లకు అది 5000 నుంచి 6000 మధ్య ఉంటుంది. అందుకోకపోతే పిచ్ తక్కువున్న ఫ్యాను వేయండి, దాటిపోతుంటే ఎక్కువున్నది. ఒక అంగుళం పిచ్ మారిస్తే సుమారు 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. ముగ్గురితో లేవనని మొరాయించే 15 హార్స్‌పవర్, చిన్న పిచ్ ఫ్యానుతో లేచి పరుగెత్తడం నేను చూశాను. కొత్త ఇంజిన్ కొనేముందు ఈ ప్రయత్నం చేసి చూడండి.

పెట్రోలు లెక్క: పూర్తి థ్రాటిల్‌లో హార్స్‌పవర్‌కు గంటకు మూడో వంతు లీటరు పైమాటే. 15 ఇంజిన్ గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది, అంటే 12 లీటర్ల ట్యాంకు రెండు గంటలు. వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతాది ముట్టుకోవద్దు.

అల్యూమినియానికి రాగి పడదు. నాచు పట్టకుండా వేసే రాగి కలిసిన పెయింటు వేయొద్దు, రాగి మందు పట్టించిన చెక్కను నేల పలకగా పరచొద్దు, ఇత్తడి ముక్కో నాణెమో అడుగున పడితే వెంటనే ఏరేయండి, తడిలో అది రేకును తినేస్తుంది. ఇంజిన్ కింద ఉండే బలి లోహపు ముక్క (తాను అరిగిపోయి మిగతా లోహాన్ని కాపాడేది) ఉప్పు నీళ్లలో జింక్ లేదా అల్యూమినియం ఉండాలి, మంచి నీళ్లలో మెగ్నీషియం లేదా అల్యూమినియం. సగం అరిగితే మార్చేయండి, దానికి పెయింటు మాత్రం వేయకండి, వేస్తే పనే చేయదు. ఉప్పు నీళ్లలో తిప్పిన ప్రతిసారీ మంచి నీళ్లతో ఇంజిన్ లోపల కడగాలి.

అన్నీ కుదిరి మొదటిసారి నీళ్లలో దించిన రోజు కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజిన్ ఆగిపోతుంది) చేతికో లైఫ్ జాకెట్‌కో కట్టుకోండి, పిడి పట్టుకుని నడిపే బోటులో మనిషి బయట పడిపోతే బోటు ఆగకుండా గుండ్రంగా తిరిగి మీదికే వస్తుంది. కొత్త ఇంజిన్‌ను మొదటి పది గంటలు ఒకే వేగంలో నడపకుండా మారుస్తూ ఉండండి. ఇంజిన్‌ను పలకకు బిగించే రెండు మర స్క్రూలు అరగంట నడిపాక వదులవుతాయి, కాబట్టి ఒడ్డుకు వచ్చి మళ్లీ బిగించి, ఒక తాడుతో ఇంజిన్‌ను బోటుకు కట్టి ఉంచండి.