కావన్సైట్ కొనే ముందు అతుకు చూడండి

పుణె పక్కన వాఘోలి క్వారీల్లో దొరికే కావన్సైట్ అనే నీలి రంగు ఖనిజాన్ని కొనాలనుకుంటే, రంగు చూసి వెంటనే డబ్బులు తీయకండి, ముందు ఆ నీలం స్ఫటికాల గుత్తి స్టిల్బైట్ అనే తెల్లటి ఖనిజం మీద ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడ 10 రెట్ల లెన్స్ పెట్టి చూడండి. సహజంగా పెరిగిందైతే నీలం సూదుల మొదళ్లు తెల్ల స్ఫటికాల సందుల్లోకి చొచ్చుకుపోయి ఉంటాయి. ఊడిన గుత్తిని అతికించి ఉంటే మాత్రం చుట్టూ నున్నగా మెరిసే అంచు, ఒక్కోసారి అందులో సన్నటి బుడగలు కూడా కనిపిస్తాయి. చీకట్లో యూవీ టార్చి వేసి చూస్తే చాలా రకాల జిగుర్లు వెలుగుతాయి. అతికించిందని తేలితే ధర బాగా తగ్గించి అడగాల్సిందే.

గుండ్రటి గుత్తిలా కాకుండా స్ఫటికాలు పొడుగ్గా, విడివిడిగా ఉంటే ఇంకాస్త ఆగి చూడండి, అది పెంటగోనైట్ అనే మరో ఖనిజం కావచ్చు. రెండింటి రసాయన సూత్రం ఒకటే, లోపలి అమరిక వేరు. స్ఫటికం కొన వైపు నుంచి చూసినప్పుడు ఐదు కోణాల నక్షత్రంలా కనిపిస్తే అది చాలా గట్టి గుర్తు. పెంటగోనైట్ మరీ అరుదు, అందుకే ధర కూడా ఎక్కువే పలుకుతుంది.

దొరికిన చోటు రాసిన పాత చీటీ ఉంటే దయచేసి పారేయకండి. బ్రష్‌తో రుద్దడం అసలు వద్దు, సూదులు ఇట్టే విరిగిపోతాయి.