ఎక్సలేటర్ తొక్కగానే తడబడే అంబాసిడర్: కార్బొరేటర్ విప్పే ముందు

1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత అంబాసిడర్. ఐడిల్‌లో చక్కగా తిరుగుతుంది. ఎక్సలేటర్ తొక్కగానే క్షణం ఆగి, జర్క్ ఇచ్చి, అప్పుడు లాగుతుంది. చాలామంది ముందు పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ మీద పడతారు. దయచేసి ఆగండి. ముందు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి.

కరెంటు లోపమైతే బండి ఠక్కుఠక్కున మిస్ కొడుతుంది. పెట్రోలు చాలకపోతే నీరసంగా వాలిపోతుంది. ఇది ప్రతిసారీ నిజం కాకపోవచ్చు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

పికప్ మెల్లమెల్లగా తగ్గి, ఇంజన్ త్వరగా వేడెక్కుతుంటే

డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్లకున్న ఫైబర్ మడమ, తిరిగే కామ్ (గుబ్బల కడ్డీ) మీద రాసుకుని అరిగిపోతుంది. గ్యాప్ తగ్గి పాయింట్లు ఆలస్యంగా విడతాయి, స్పార్క్ లేటవుతుంది. అంటే డిస్ట్రిబ్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ (స్పార్క్ పడే సమయం) జారిపోయిందన్నమాట. అందుకే ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. వరస మారిస్తే చేసిన పనే మళ్లీ చేయాలి.

మడమ కామ్ శిఖరం మీదికి వచ్చినప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టండి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు 0.014 నుంచి 0.016 అంగుళాలు ఉండాలి. పాయింట్ల మీద గుంట, బొడిపె ఉంటే గేజ్ తప్పు చెబుతుంది, కొత్తవి వేయండి. మూత తీసి ఇంజన్ తిప్పితే పాయింట్ల మధ్య నిప్పురవ్వలు బాగా ఎగురుతుంటే ఆ రవ్వల్ని అణిచే కండెన్సర్ కూడా మార్చాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో గులకరాళ్ల చప్పుడు, లేదా స్టార్ట్ చేసే హ్యాండిల్ వెనక్కి తన్నడం

ఇది టైమింగ్ ముందుకు పోయిన గుర్తు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. చుట్టూ బిగించి పట్టుకుంటే, వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది.

సరిచేయడానికి 12 వోల్టుల బల్బు చాలు. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి రంధ్రం మీద వేలు పెట్టి, హ్యాండిల్‌తో తిప్పండి. వేలిని గాలి నెట్టిందంటే కంప్రెషన్ వచ్చినట్టే. పుల్లీ మీది గాడిని మాన్యువల్ చెప్పిన డిగ్రీకి తెండి. బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, రెండోది బాడీకి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. క్లాంప్ వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దికొద్దిగా తిప్పితే, బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. అక్కడే బిగించండి. ఈ ఇంజన్‌లో మూత కింద ఉండే రోటర్ ఎడమ చుట్టు తిరుగుతుంది కాబట్టి, బాడీని కుడి చుట్టు తిప్పితే టైమింగ్ ముందుకు వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా తొక్కినప్పుడే మిస్

నా బండికి ఈ రోగం వచ్చినప్పుడు కార్బొరేటర్ రెండుసార్లు విప్పించాను, ఫలితం లేదు. ఒక సాయంత్రం మూత తీసి, తొక్కినప్పుడు పాయింట్ల ప్లేటును లాగే వాక్యూమ్ పైపును నోటితో పీల్చి చూశాను. పాయింట్ల ప్లేటు కదిలింది, ఆగింది, అంటే దాన్ని లాగే డయాఫ్రం (పల్చటి పొర) బాగానే ఉంది. కానీ పాయింట్లు మూసి ఉన్నప్పుడు ఆరి ఉండాల్సిన టెస్ట్ బల్బు, ప్లేటు కదిలిన ప్రతిసారీ మిణుకుమంది. ప్లేటుకు వెళ్లే చిన్న వైరు పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తీగలు మాత్రం తెగిపోయి ఉన్నాయి. ఐడిల్‌లో ప్లేటు కదలదు కాబట్టి కరెంటు అందేది, తొక్కగానే పోయేది. మెత్తటి సన్న తీగల వైరు వేశాను, తడబాటు ఆ రోజే పోయింది.

పీల్చినప్పుడు ప్లేటు నిలవకపోతే డయాఫ్రం చిరిగింది, వాక్యూమ్ యూనిట్ మార్చాలి. రోటర్‌ను చేత్తో కాస్త తిప్పి వదిలితే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే వేగాన్ని బట్టి టైమింగ్ ముందుకు జరిపే లోపలి బరువులు తుప్పుతో పట్టేశాయి, శుభ్రం చేసి రెండు చుక్కల నూనె వేయండి.

ఇవన్నీ బాగుంటేనే కార్బొరేటర్. ఎస్‌యూ రకం కార్బొరేటర్ అయితే దాని పైన ఉండే ఆయిల్ గొట్టం, అంటే డ్యాష్‌పాట్‌లో ఆయిల్ ఉందో లేదో చూడండి, తక్కువైతే ఇదే తడబాటు వస్తుంది. తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపు ఉన్న సోలెక్స్ రకం అయితే ఇంజన్ ఆపి, గొంతులోకి చూస్తూ ఎక్సలేటర్ కదపండి. పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. చిమ్మకపోతే పంపు డయాఫ్రం మార్చండి.