హరికేన్ల తీరానికి చదువుకు వెళ్తున్న బెజవాడ, గుంటూరు పిల్లలకు

ఆగస్టులో తరగతులు మొదలవుతాయి కాబట్టి మన పిల్లలు అమెరికాలోని హ్యూస్టన్, టాంపా, మయామి వైపు విమానం ఎక్కేది సరిగ్గా హరికేన్లు, అంటే అట్లాంటిక్ పెద్ద తుపానులు, ముదిరే వేళకే. అట్లాంటిక్‌లో ఈ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది. సెప్టెంబరు 10 ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. అంటే దిగిన నెలలోపే మీ ఫోనులో మొదటి హెచ్చరిక మోగవచ్చు.

తుపాను మనకు కొత్త కాదు. అయినా ఇక్కడి అలవాటు అక్కడ చాలదు. బంగాళాఖాతం చిన్నది. అల్పపీడనం, వాయుగుండం అని వార్తల్లో వింటూ ఉండగానే అది తీరం దాటేస్తుంది. మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చూసి జాగ్రత్త పడతాం. అట్లాంటిక్‌లో చాలా పెద్ద హరికేన్లకు బీజం పడేది ఆఫ్రికా పశ్చిమ తీరంలో. అవి అమెరికా చేరడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ గడువు మీ చేతిలో ఉన్న ఆస్తి. అయితే మెక్సికో సింధుశాఖలో పుట్టేవి, అక్కడికొచ్చాక బలపడేవి అంత సమయం ఇవ్వవు. 2017లో హార్వీ అనే తుపాను అక్కడ మళ్లీ పుంజుకుని రెండు మూడు రోజుల్లోనే ఐదింటిలో నాలుగో స్థాయి హరికేన్‌గా టెక్సస్ మీద పడింది.

మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ పటాన్ని రోజూ ఒకసారి చూడండి. రాబోయే ఏడు రోజుల్లో ఎక్కడ తుపాను పుట్టవచ్చో అందులో పసుపు, నారింజ, ఎరుపు మచ్చలుగా చూపిస్తారు. పసుపు అంటే 40 శాతం లోపు అవకాశం, ఎరుపు అంటే 60 శాతం పైన. మచ్చ పెద్దదైతే తుపాను పెద్దదని కాదు, ఆ మేరలో ఎక్కడైనా పుట్టవచ్చని. గాలి గంటకు 63 కిలోమీటర్లు దాటితే పేరు పెడతారు, 119 చేరితే హరికేన్ అంటారు. పేరు పెట్టాక ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే తెల్లని శంకువు ఒకటి పటం మీద కనిపిస్తుంది. అందరూ పొరబడేది దాని దగ్గరే. అది తుపాను కేంద్రం వెళ్లగల దారి మాత్రమే. మూడింట రెండు వంతుల సార్లే కేంద్రం అందులో ఉంటుంది. గాలి, వాన, ఉప్పెన ఆ గీత బయట కూడా ముంచుతాయి. 2022లో ఇయాన్ వచ్చేముందు అందరి చూపూ టాంపా మీద ఉంది. సెప్టెంబరు 28న అది తీరాన్ని తాకింది దక్షిణాన ఫోర్ట్ మయర్స్ దగ్గర. ఉప్పెన అంటే ఏమిటో దివిసీమ పెద్దలకు చెప్పనక్కరలేదు. ఫోర్ట్ మయర్స్ బీచ్ అదే చూసింది.

హరికేన్లకు ఇచ్చే ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న స్థాయి గాలిని మాత్రమే కొలుస్తుంది. ప్రాణాలు ఎక్కువగా తీసేది నీరు. హార్వీ బలహీనపడ్డాక కూడా కదలకుండా కురిసి, టెక్సస్‌లోని నెడర్‌లాండ్‌లో 60 అంగుళాలు దాటించింది. విజయవాడలో ఏడాది మొత్తం అంత వాన పడదు. 2024 సెప్టెంబరులో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది, మునిగింది మాత్రం మన సింగ్‌నగర్. అదే నెలాఖరులో ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్, వందల కిలోమీటర్ల అవతల కొండల్లో ఉన్న ఆష్‌విల్‌ను ముంచేసింది. ‘మాది సముద్రం పక్కన కాదు’ అని నిశ్చింతగా ఉండకండి.

తుపాను తీరానికే రాకపోయినా దాని అలలు వస్తాయి. 2009 ఆగస్టులో బిల్ అమెరికా తీరానికి చాలా దూరంగా సముద్రం మీదుగానే సాగిపోయింది. అయినా మెయిన్ రాష్ట్రంలోని అకాడియా పార్కులో ఒడ్డున రాళ్ల మీద నిలబడి అలలు చూస్తున్నవారిని కెరటం లాగేసింది, ఏడేళ్ల పాప చనిపోయింది. ఆకాశం నీలంగా ఉందని బీచ్‌కి వెళ్లి నీళ్లలో దిగకండి. తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహం ఈతగాళ్లను కూడా వదలదు. దెబ్బ దూరంగా ఉన్నవారికీ తగులుతుంది: సింధుశాఖ తీరంలో చమురు శుద్ధి కర్మాగారాలు ఆగితే దేశమంతా పెట్రోలు ధర పెరుగుతుంది. హెలీన్ ఒక్క సెలైన్ కర్మాగారాన్ని ముంచితే ఎన్నో రాష్ట్రాల ఆసుపత్రుల్లో కొరత వచ్చింది.

అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ వీధి ఎప్పుడైనా మునిగిందా అని అడగండి. కింది అంతస్తు చవకని తొందరపడకండి. మామూలు ఇంటి బీమా వరదకు వర్తించదు. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, కాబట్టి తుపాను కనిపించాక కట్టి లాభం లేదు. మీ ఇల్లు ఏ ఖాళీ చేయించే జోన్‌లో ఉందో తెలుసుకోండి. కారు లేకపోతే ఎవరి కారులో వెళ్లాలో ఇప్పుడే మాట్లాడుకోండి. ‘వాచ్’ (హరికేన్ రావచ్చన్న సూచన) ఇచ్చారంటే బలమైన గాలులకు ఇంకా 48 గంటలు ఉన్నట్లు, ‘వార్నింగ్’ (వస్తుందన్న హెచ్చరిక) అంటే 36 గంటలు. వాచ్‌తోనే పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం తడవని కవరులో పెట్టి, మందులు, నీళ్లు సర్దుకోండి. 2024 జులైలో బెరిల్ టెక్సస్ తీరాన్ని తాకేసరికి ఒకటో స్థాయిదే. అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, చాలామంది రోజుల తరబడి ఎండలో ఉడికిపోయారు. జనరేటరు వాడితే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే పెట్టాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాసన కూడా తెలియకుండా చంపేస్తుంది.

ఇక్కడున్న అమ్మానాన్నలకు: టీవీలో తిరిగే బొమ్మ చూసి గంటగంటకూ ఫోను చేయకండి. కరెంటు లేనప్పుడు ఆ ఛార్జింగే పిల్లలకు ఆధారం. ఆ రోజుల్లో ప్రధాన బులెటిన్లు మన సమయం ప్రకారం 2.30కి, 8.30కి, పగలూ రాత్రీ వస్తాయి. ఉదయం 8.30 బులెటిన్ వచ్చేసరికి హ్యూస్టన్‌లో రాత్రి 10 గంటలు. పడుకునేముందు ఒక్క సందేశం పెట్టమని చెప్పుకోండి. అది రాకపోతే అడగడానికి, తుపాను దారిలో లేని మరో ఊరి స్నేహితుడి నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచుకోండి.