తవ్విన నేలను పెద్ద ప్రింటులో చూపించాలంటే

గనులు, క్వారీలు, డంపింగ్ యార్డుల ఫొటోలు తీసేటప్పుడు నేను మొదట వెతికేది కొలతకు ఆనవాలు. అదేదీ లేకపోతే గొయ్యి ఎంత లోతో చూసేవాళ్లకు అందదు. ఓ లారీయో, హెల్మెట్ పెట్టుకున్న మనిషో ఫ్రేములోకి వచ్చేదాకా ఆగండి. ప్రింటులో ఆ మనిషి గోరంత ఉన్నా చాలు.

వీలైనంత ఎత్తు నుంచి తీయండి. ఆకాశాన్ని తగ్గించండి, నేనైతే చాలాసార్లు పూర్తిగా వదిలేస్తాను.

రంగు దగ్గర మాత్రం ఓపిక కావాలి. కెనడా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ 1996లో కెనడాలోని సడ్‌బరీ దగ్గర తీసిన నికెల్ గని వ్యర్థాల ఫొటోల్లో నల్లటి నేల మీద వాగు నిప్పులా ఎర్రగా పారుతుంది. ఇనుము ఆక్సీకరణ చెందితే వచ్చే రంగు అది. అలాంటి ఎరుపు దొరికినప్పుడు దయచేసి శాచురేషన్ (రంగు గాఢత) పెంచకండి. ఆ నేలకు ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం ఆ రంగే. కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌నూ నమ్మొద్దు, ఫ్రేమంతా ఎర్రగా ఉంటే కెమెరా దాన్ని చల్లార్చేయొచ్చు. అదే వెలుతురులో గ్రే కార్డు (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక షాట్ తీసుకోండి. పల్చటి మబ్బు ఉంటే మరీ మంచిది, గోతుల్లో నీడలు నల్లగా గడ్డకట్టవు.

40×60 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 200 పిక్సెళ్ల లెక్కన 96 మెగాపిక్సెళ్లు కావాలి. కెమెరాలో అన్ని లేకపోతే ట్రైపాడ్ మీద, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో (వెలుతురు సెట్టింగులు మారకుండా), పక్కపక్క ఫ్రేములు మూడో వంతు కలిసేలా తీసి కంప్యూటర్‌లో అతికించండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్నదానికి) లెన్సు రంధ్రం, అంటే అపర్చర్, ఎఫ్/8, ఎఫ్/11 సరిపోతాయి. పూర్తి ప్రింటుకు ముందు, ఆ మనిషి ఉన్న ముక్కను అసలు సైజులో వేయించి చూసుకోండి.